‘క్విక్’ అంటే ఒకప్పుడు ప్రాణమున్నది: ఒక పాత ఇంగ్లీషు మాట గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లీషు సాహిత్యం చదివే పిల్లలు, రెండు భాషల బైబిళ్ళు పక్కపక్కన పెట్టుకుని చదివే పెద్దలు, లా చదివే విద్యార్థులు. ఈ మూడు రకాల వాళ్ళూ ‘క్విక్’ అనే ఒకే మాట దగ్గర ఆగిపోవడం చాలాసార్లు చూశాను. అందరికీ తెలిసిన మాటే కాబట్టి ఎవరూ డిక్షనరీ తీయరు. తీయకపోవడం వల్లే అర్థం తప్పుతుంది. నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలకు నాకు తెలిసినంతలో ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

క్విక్ అంటే ‘త్వరగా’ అనే కదా? వేరే అర్థం ఎక్కడిది?

‘త్వరగా’ అన్నది తర్వాత వచ్చిన అర్థం. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో ఈ మాటకు అర్థం ‘ప్రాణంతో ఉన్నది’, ‘బతికున్నది’. మనిషి క్విక్, పశువు క్విక్, వేరు పట్టిన మొక్క క్విక్. చచ్చినదానికి ఎదురుమాట ఇదే. అప్పట్లో వేగానికి వేరే మాటలు ఉండేవి, వాటి సంగతి కింద చెప్తాను.

ప్రాణం అనే అర్థం వేగం వైపు ఎలా మళ్ళింది?

ఒక్కరోజులో మళ్ళలేదు. ‘బతికున్న’ నుంచి ‘జీవకళ ఉన్న’, అక్కణ్ణుంచి ‘చలాకీగా కదిలే’, చివరికి ‘వేగంగా జరిగే’. ఇలా మెట్టు మెట్టుగా దిగింది. 14వ శతాబ్దానికి వేగం అనే అర్థం బాగా వాడుకలోకి వచ్చేసింది. అయితే పాత అర్థం వెంటనే తప్పుకోలేదు. మూడు నాలుగు వందల ఏళ్ళు రెండూ ఒకే ఇంట్లో కాపురం చేశాయి. చిక్కంతా ఆ కాలపు రాతల్లోనే.

ఈ దారి మనకు వింతగా తోచనక్కర్లేదు. ఎవరైనా స్పృహ తప్పి పడిపోతే చుట్టూ చేరినవాళ్ళు మొదట ఏం చూస్తారు? ‘కదులుతున్నాడా?’ అని. ‘ఉలుకూ లేదు, పలుకూ లేదు’ అంటే భయపడతాం. వేలు కొంచెం కదిలినా ‘ప్రాణం ఉంది’ అని ఊపిరి పీల్చుకుంటాం. ప్రాణాన్ని మనం కదలికలోనే చూస్తాం. ఆ కదలిక ఎక్కువైతే చురుకు, ఇంకా ఎక్కువైతే వేగం.

పాత ఇంగ్లీషు కావ్యం ‘బేవుల్ఫ్’ లో ప్రాణమూ కదలికా ఒకే పంక్తిలో పక్కపక్కనే దొరుకుతాయి. సృష్టికర్త ‘క్విక్‌గా తిరుగాడే’ ప్రతి జాతికీ జీవం పోశాడని ఆ పంక్తి భావం. అంటే ప్రాణంతో సంచరించేవి అన్నమాట. ఆ కావ్యం మనకు మిగిలిన ఒకే ఒక్క రాతప్రతి సుమారు 1000 సంవత్సరం నాటిది. అందులో ఈ మాటకు ఇంకా ‘ప్రాణంతో’ అనే అర్థమే, కానీ కదలిక అప్పటికే దాని పక్కన నిలబడి ఉంది.

మన ‘చురుకు’ కూడా ఇలా నడిచిన మాటే. ఎండ చురుక్కుమంటుంది, వాత పెడితే చురుక్కుమంటుంది, మాట చురుకుగా తగులుతుంది. అదే మాట ‘చురుకైన పిల్లాడు’ అనేసరికి తెలివీ వేగమూ అవుతుంది. ఒంటికి తెలిసే ఒక అనుభవం మనిషి నడతకు పేరైంది.

‘జీవం’, ‘క్విక్’ ఒకే మాట అంటున్నారు. నిజమేనా?

ఒకే మాట కాదు, ఒకే మూలం. సంస్కృతంలోని ‘జీవ’, లాటిన్‌లోని ‘వీవుస్’, గ్రీకులోని ‘బయోస్’, లిథువేనియన్‌లోని ‘గీవాస్’, రష్యన్‌లోని ‘జివోయ్’, పాత ఇంగ్లీషు ‘క్విక్’. ఇవన్నీ వేల ఏళ్ళ కిందటి ఒకే ఇండో యూరోపియన్ మూలం నుంచి విడివిడిగా దిగివచ్చిన అక్కచెల్లెళ్ళు. బయాలజీలోని ‘బయో’, వైటమిన్‌లోని ‘వైటా’ కూడా ఈ కుటుంబంవే.

పైకి చూస్తే ‘జీ’ ఎక్కడ, ‘క్వి’ ఎక్కడ అనిపిస్తుంది. కానీ ఈ మార్పుకు ఒక పద్ధతి ఉంది. మూల భాషలో గొంతు లోపల పుట్టి పెదవులు గుండ్రంగా చుడుతూ పలికే ‘గ్వ’ లాంటి ధ్వని ఒకటి ఉండేదని భాషావేత్తలు నిర్ధారించారు. ఇంగ్లీషు, జర్మన్ లాంటి భాషలున్న జర్మానిక్ శాఖలో అది ‘క్వ’ లేదా ‘క’ అయింది. సంస్కృతంలో ‘గ’ అయింది, ‘ఇ’ లాంటి అచ్చుల ముందు ‘జ’ అయింది. అందుకే సంస్కృతంలో ‘గో’, ఇంగ్లీషులో ‘కౌ’. సంస్కృతంలో ‘గమ్’, ఇంగ్లీషులో ‘కమ్’. స్త్రీ అనే అర్థంలో వేదభాషలో ‘జని’, ఇంగ్లీషులో ‘క్వీన్’. ఆ వరసలోనే ‘జీవ’, ‘క్విక్’. ఒక జంట కలిస్తే కాకతాళీయం అనుకోవచ్చు. ఇన్ని జంటలు ఒకే పద్ధతిలో కలిస్తే అనుకోలేం. క్విక్ చివర ఉన్న ‘క్’ మాత్రం జర్మానిక్ భాషల్లో కొత్తగా గట్టిపడిన ధ్వని. సంస్కృతంలో దాని చోట ‘వ’ అలాగే నిలిచింది.

ఇక్కడ రెండు పొరపాట్లు తరచుగా జరుగుతాయి. ఒకటి, ఇంగ్లీషు వాళ్ళు ఈ మాటను సంస్కృతం నుంచి తీసుకున్నారనడం. అది తప్పు. ఇద్దరికీ తాతముత్తాతల ఆస్తిగా వచ్చింది. రెండోది, దీన్ని చూపించి తెలుగూ ఇంగ్లీషూ చుట్టాలు అనడం. తెలుగు ద్రావిడ భాష. దక్షిణాది భాషలది వేరే కుటుంబమని మద్రాసులో పనిచేసిన ఇంగ్లీషు అధికారి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816 లోనే రాశాడు, అదీ క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి జోడించిన వ్యాసంలో. ‘జీవం’ మనకు సంస్కృతం నుంచి వచ్చి స్థిరపడిన మాట. బతుకు, ఊపిరి, ఉసురు లాంటివి మన ఇంటి మాటలు.

అయినా ఈ చుట్టరికం నాకు ఎంతో ఇష్టం. నెలాఖరున ఎదురుచూసే ‘జీతం’ ఉంది చూశారా, అది ‘జీవితం’ అనే సంస్కృత మాటకు వికృతి. బతకడానికి ఇచ్చేది కాబట్టి జీతం. అంటే మన జీతానికీ ఇంగ్లీషు వాడి క్విక్‌కీ ఎక్కడో దూరాన ఒకే వేరు.

అప్పట్లో స్పెల్లింగ్ వేరేగా ఉండేదా?

ఉండేది. క్యూ, యు బదులు సి, డబ్ల్యు రాసేవాళ్ళు. 1066 లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి పద్ధతికి అలవాటుపడిన లేఖకులు క్యూ, యు పెట్టడం మొదలుపెట్టారు. క్వీన్ కూడా అలాగే మారింది. పలుకుబడి మాత్రం దాదాపు అదే.

బైబిల్‌లో ‘దేవుని వాక్యం క్విక్’ అని ఉంది. వాక్యం త్వరగా పనిచేస్తుందనా?

కాదు. ఈ ప్రశ్న నన్ను అందరికంటే ఎక్కువగా అడిగేది ఇంగ్లీషు మీడియంలో చదువుకుని, చర్చిలో తెలుగు బైబిల్ వినే పిల్లలు.

1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదంలో హెబ్రీయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయం 12వ వచనం, దేవుని వాక్యం ‘క్విక్ అండ్ పవర్‌ఫుల్’ అంటుంది. మన తెలుగు బైబిల్ అదే చోట ‘సజీవమై బలముగలదై’ అంటుంది. ఇంగ్లీషులో అయోమయంగా ఉన్నది తెలుగులో పట్టపగలులా ఉంది. మూలమైన గ్రీకులో ఉన్నది ‘జీవిస్తున్న’ అనే మాటే. 1611 కి ముందే, 1526 లో బైబిల్‌ను ఇంగ్లీషులోకి తెచ్చిన టిండేల్ కూడా ఇక్కడ క్విక్ అనే రాశాడు. 1881 లో వచ్చిన సవరణ అనువాదం దాన్ని ‘లివింగ్’ అని మార్చింది, ఎందుకంటే అప్పటికి చదివేవాళ్ళకు పాత అర్థం అందడం లేదు.

చర్చిలో అందరూ కలిసి చెప్పే విశ్వాస ప్రమాణంలో వచ్చే ‘ది క్విక్ అండ్ ది డెడ్’ కూడా ఇంతే. తెలుగులో ‘సజీవులకును మృతులకును’ అని చెప్పుకునేది అదే. యోహాను సువార్త 5వ అధ్యాయంలో ‘క్వికెనెత్’ అనే క్రియ కనిపిస్తుంది. దాన్ని వేగం పెంచడం అనుకుంటే వాక్యమే పాడవుతుంది. తెలుగులో అక్కడ ఉన్నది ‘బ్రదికించు’.

నాకు అన్నిటికంటే నచ్చిన ఉదాహరణ సంఖ్యాకాండం 16వ అధ్యాయం. భూమి నోరు తెరిచి మోషేకు ఎదురుతిరిగిన కోరహు మనుషుల్ని మింగే ఘట్టం. కింగ్ జేమ్స్ అనువాదం 30వ వచనంలో వాళ్ళు ‘క్విక్’గా పాతాళంలోకి దిగుతారని చెప్పి, మూడు వచనాల తర్వాత అదే సంగతి జరిగినప్పుడు ‘అలైవ్’ అంటుంది. హీబ్రూలో రెండు చోట్లా ఒకే మాట. అంటే 1611 లో అనువాదకుడి చెవికి ఈ రెండూ ఒకదాని బదులు ఒకటి వాడగలిగే మాటలు. ఆ తర్వాత ‘అలైవ్’ గెలిచింది. దాని పుట్టుక కూడా చిన్నదే: ‘ప్రాణంలో’ అనే అర్థం వచ్చే రెండు ముక్కలు అతుక్కుని ఒక మాటైంది.

షేక్‌స్పియర్ ఏ అర్థంలో వాడాడు?

అన్ని అర్థాల్లోనూ. ‘హామ్లెట్’ ఐదో అంకం మొదటి రంగం చదవండి. 1600 ప్రాంతంలో రాసిన నాటకం, శ్మశానంలో జరిగే రంగం. ఈ మాట ఎంత మెలికలు తిరుగుతుందో అక్కడ కనిపిస్తుంది.

గోతిలో నిలబడి తవ్వుతున్న మనిషి ‘ఈ గొయ్యి నాదే’ అంటాడు. హామ్లెట్ ఒప్పుకోడు. గొయ్యి చచ్చినవాళ్ళకు, క్విక్ అయినవాళ్ళకు కాదు, కాబట్టి నువ్వు చెప్పేది అబద్ధం అంటాడు. ఇక్కడ క్విక్ అంటే బతికున్నవాడు. తవ్వేవాడు తక్కువవాడు కాదు. అది ‘క్విక్’ అబద్ధం దొరా, నా దగ్గర్నుంచి ఎగిరి నీ దగ్గరికే వస్తుంది అంటాడు. ఇప్పుడు క్విక్ అంటే చురుగ్గా గెంతేది. ఒకే ఊపిరిలో మాట పాత అర్థం నుంచి కొత్త అర్థానికి దూకింది. నాటకం చూసేవాళ్ళకు రెండూ తెలిస్తేనే ఆ చమత్కారం పండుతుంది. అంటే అప్పటి లండన్ జనానికి రెండూ తెలుసన్నమాట.

కాసేపటికి అదే చోట హామ్లెట్ ప్రేమించిన ఒఫీలియాను పూడుస్తారు. ఆమె అన్న గోతిలోకి దూకి, క్విక్ మీదా డెడ్ మీదా కలిపి మట్టి పోయమంటాడు. హామ్లెట్ తనూ తగ్గక ‘నువ్వు ఆమెతో క్విక్‌గా పూడ్చబడు, నేనూ అంతే’ అన్న అర్థంలో సవాలు విసురుతాడు. డిగ్రీలో మొదటిసారి చదివినప్పుడు నేను దాన్ని ‘త్వరగా పూడ్చేయండి’ అని అర్థం చేసుకుని, ఏదో విసుగుతో అన్న మాట అనుకున్నాను. ఆ మాట అసలు భావం ‘ప్రాణాలతో ఆమె పక్కన సమాధి అవుతాను’. ప్రేమించిన మనిషి శవం ముందు నిలబడి ఒక మనిషి అనగలిగిన అత్యంత పెద్ద మాట అది. ఒక్క విశేషణం అర్థం తెలియక ఆ వాక్యంలోని దుఃఖమంతా నాకు అందకుండా పోయింది. నేను ఈ మాట వెంట పడింది ఆ రోజు నుంచే.

చట్టంలో ‘క్విక్ విత్ చైల్డ్’ అని ఉంటుంది. దాని అర్థం ఏమిటి?

కడుపులో బిడ్డ కదలిక తెలిసిన గర్భిణి. మొదట్లో ఇందులోని క్విక్ బిడ్డకు వర్తించే మాట: ‘ప్రాణమున్న బిడ్డతో’ ఉన్న స్త్రీ. రానురాను అది తల్లికి అంటుకుంది.

బిడ్డ మొదటిసారి కదిలినట్టు తల్లికి తెలియడాన్ని డాక్టర్లు ఇప్పటికీ ‘క్వికెనింగ్’ అంటారు. తొలి కాన్పులో సాధారణంగా 18 నుంచి 20 వారాల మధ్య తెలుస్తుంది, రెండో కాన్పు నుంచి ఇంకొంచెం ముందే. కడుపులో ఏదో సన్నగా అల్లాడినట్టు, చిన్న చేప పక్కకి తిరిగినట్టు ఉంటుందని మా అక్క చెప్పింది. మొదట గ్యాస్ అనుకుందట. రెండోసారి అదే చోట అలాగే అయ్యేసరికి, వంటగదిలో పని ఆపేసి చెయ్యి పొట్ట మీద పెట్టుకుని అలా నిలబడిపోయిందట.

స్కానింగులు లేని కాలంలో ప్రాణానికి అదే మొదటి సాక్ష్యం. ఇంగ్లండు న్యాయవేత్త బ్లాక్‌స్టన్ 1760లలో రాసిన వ్యాఖ్యానాల్లో, తల్లి కడుపులో బిడ్డ కదలగానే చట్టం దృష్టిలో ప్రాణం మొదలవుతుందని చెప్పాడు. 1803 నాటి ఇంగ్లండు చట్టం కదలిక తెలిశాక గర్భం పోగొడితే మరణశిక్ష, అంతకు ముందైతే తక్కువ శిక్ష అని గీత గీసింది. 1837 లో అక్కడ ఆ తేడా తీసేశారు.

మరణశిక్ష పడిన స్త్రీ ‘నేను క్విక్ విత్ చైల్డ్’ అని చెప్పుకుంటే ప్రసవం దాకా ఉరి ఆపేవాళ్ళు. నిజమో కాదో చూడడానికి అనుభవమున్న ఆడవాళ్ళ జ్యూరీని పిలిచేవాళ్ళు. 1720 లో జమైకాలో సముద్రపు దొంగలుగా దొరికిన యాన్ బోనీ, మేరీ రీడ్ ఇద్దరూ ఉరిని అలాగే ఆపించుకున్నారు. ఇంగ్లండులో గర్భిణులకు మరణశిక్ష వెయ్యకూడదన్న చట్టం 1931 లో వచ్చింది.

మనకు సంబంధించిన సంగతి ఏమిటంటే, ఇంగ్లండు 1837 లో వదిలేసిన ఆ తేడా మన దగ్గర ఇంకా ఉంది. 1860 నాటి భారతీయ శిక్షాస్మృతి 312వ సెక్షన్ గర్భస్రావం చేయించడానికి మూడేళ్ళ దాకా శిక్ష పెట్టి, స్త్రీ ‘క్విక్ విత్ చైల్డ్’ అయితే ఏడేళ్ళ దాకా అంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 88వ సెక్షన్లోనూ ఆ మాటలు అలాగే ఉన్నాయి. 92వ సెక్షన్లో ‘క్విక్’ అయిన, ఇంకా పుట్టని బిడ్డ ప్రస్తావన ఉంది. చట్టబద్ధంగా డాక్టర్లు చేసే గర్భస్రావాలకు 1971 నాటి చట్టం వేరే ఉంది, అది కదలికను కాదు, వారాలను లెక్కపెడుతుంది. పేరు మార్చుకున్న కొత్త సంహితలో వెయ్యేళ్ళ పాత అర్థం మోస్తున్న మాట ఒకటి కూర్చుని ఉందంటే, లా విద్యార్థులు దాన్ని ఒకసారి ఆగి చూడాలని నా కోరిక.

పాదరసాన్ని ‘క్విక్‌సిల్వర్’ అని ఎందుకన్నారు? వేగంగా జారిపోతుందనా?

ప్రాణమున్న వెండి అని. లాటిన్ వాళ్ళు దాన్ని ‘అర్జెంటుమ్ వీవుమ్’, అంటే సజీవమైన వెండి అన్నారు. పాత ఇంగ్లీషు వాళ్ళు దాన్ని మాటకు మాట తమ భాషలో పెట్టుకున్నారు. జర్మన్ ‘క్వెక్‌జిల్బర్’ అదే, లిథువేనియన్ పేరూ అదే అర్థం. డచ్ వాళ్ళు వెండిని వదిలేసి ఉత్త ‘క్విక్’ అనేస్తారు.

చిన్నప్పుడు ఇంట్లో జ్వరం చూసే థర్మామీటర్ పగిలింది. గచ్చు మీద మెరిసే గుండ్లు. వేలు దగ్గరికి తెస్తే పక్కకి జారిపోయాయి, రెండు తగిలితే ఒకటైపోయాయి, కాగితంతో తోస్తే పది ముక్కలై మళ్ళీ గుండ్రంగా కూర్చున్నాయి. తనకంటూ ఓ ఇష్టం ఉన్నట్టు తిరిగే లోహం అది. దాన్ని చూసినవాళ్ళెవరైనా ‘ప్రాణముంది’ అనకుండా ఉండలేరు. (పాదరసం ఆవిరి విషం. పిల్లల్ని ముట్టుకోనివ్వకండి, కిటికీలు తెరవండి, చీపురుతో ఊడవకండి.) మనం ‘పాదరసంలా కదులుతాడు’ అంటాం కదా, అదీ ఈ గమనింపే. మన పేరులో మాత్రం ప్రాణం లేదు. సంస్కృత ‘పారద’ మనకు పాదరసంలో మొదటి సగమైంది.

మరి క్విక్‌సాండ్?

ఊబి. నిలకడగా ఉండాల్సిన ఇసుక కాలి కింద కదులుతుంది కాబట్టి ప్రాణమున్న ఇసుక అన్నారు. గబుక్కున లోపలికి లాగేస్తుందని కాదు. నిజానికి మనిషి ఒళ్ళు ఊబి కంటే తేలిక కాబట్టి నిండా మునిగిపోవడం సినిమాల్లోనే జరుగుతుంది. ప్రమాదం ఇరుక్కుపోవడంలో ఉంది, పోటు నీళ్ళు పైకి రావడంలో ఉంది.

బీటెక్ సివిల్ చదివేవాళ్ళకు సాయిల్ మెకానిక్స్‌లో ‘క్విక్ కండిషన్’ అని ఒక పాఠం ఉంటుంది. కిందనుంచి పైకి ఊరే నీటి ఒత్తిడికి ఇసుక రేణువుల మధ్య పట్టు పోయి నేల ద్రవంలా ప్రవర్తించే స్థితి అది. అందులో వేగం లేదు, చలనం ఉంది. నార్వేలో ‘క్విక్ క్లే’ అనే బంకమట్టి ఉంది. గట్టిగా ఉన్నట్టే ఉండి, కుదుపు తగిలితే ఉన్నట్టుండి ద్రవమై పారుతుంది. 1978 లో రిస్సాలో, 2020 డిసెంబర్ 30 న యెర్ద్‌రుమ్‌లో ఆ మట్టి జారి ఇళ్ళను తీసుకుపోయింది. రెండోదాంట్లో పది మంది చనిపోయారు. నేలకు ప్రాణం వస్తే ఎలా ఉంటుందో అక్కడివాళ్ళకు తెలుసు.

క్విక్‌లైమ్‌లో ప్రాణం ఎక్కడుంది?

సంక్రాంతికి ముందు ఇంటికి వెల్ల వేసిన కాలం గుర్తున్నవాళ్ళు ఈ ప్రశ్న అడగరు. మట్టి తొట్టిలో తెల్లటి సున్నపు గడ్డలు వేసి నాన్న పైనుంచి నీళ్ళు పోసేవారు. ఒక క్షణం ఏమీ ఉండేది కాదు. తర్వాత సన్నగా బుస. గడ్డలు చిట్లేవి, ఆవిరి లేచేది, పొయ్యి లేదు, నిప్పు లేదు, తొట్టి కుతకుతా ఉడికేది. ‘దూరం జరగండ్రా, కళ్ళలో పడుతుంది’ అని అరుపు. సాయంత్రానికి చల్లారి వెన్నలా అయ్యాక కొంచెం నీలిమందు కలిపేవారు.

ఆ ఉడికేదే ప్రాణం. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల దగ్గర బట్టీలో కాలిస్తే వచ్చేది పొడి సున్నం. నీళ్ళు తగిలితే అంత వేడి కక్కి తడి సున్నం అవుతుంది, ఆపైన శాంతిస్తుంది. పొడి సున్నాన్ని లాటిన్‌లో బతికున్న సున్నం అన్నారు, ఇంగ్లీషు దాన్నే అనుసరించింది. స్పానిష్ వాళ్ళు ఒకడుగు ముందుకేసి, తడిసి చల్లారినదాన్ని చచ్చిన సున్నం అంటారు. పల్నాడులో పిడుగురాళ్ళ బట్టీల దగ్గర పనిచేసేవాళ్ళకు చెప్తే ఈ పేరు వెంటనే ఒప్పుకుంటారు.

‘కట్ టు ది క్విక్’ అంటే?

గోరు కింద అంటుకుని ఉండే మెత్తటి కండను ఇంగ్లీషులో ‘క్విక్’ అంటారు. గోటి కొసలో ప్రాణం లేదు, కోసినా తెలియదు. ఆ కండలో ప్రాణం ఉంది. గోరు మరీ లోపలికి కోస్తే చురుక్కుమంటుంది. మన ‘చురుక్కు’ మళ్ళీ ఇక్కడ ఎదురైంది చూడండి. దాన్నుంచే మనసులో లోతుగా గుచ్చుకున్న మాటకు ఈ నుడికారం వచ్చింది. మనం ‘ప్రాణం చివుక్కుమంది’ అంటాం. అక్కడా ప్రాణమే.

కుక్కల్ని పెంచేవాళ్ళకు ఈ మాట రోజువారీది. తెల్లగోళ్ళ కుక్కయితే లోపల గులాబీ రంగు గీతలా క్విక్ కనిపిస్తుంది. నల్లగోళ్ళయితే కనిపించదు, అందుకే కొంచెం కొంచెంగా కోయాలి.

ఇంకెక్కడైనా పాత అర్థం మిగిలిందా?

తోటల్లో మిగిలింది. ఎండు కంపతో కట్టిన దడి ‘డెడ్ హెడ్జ్’, వేరు పట్టే కొమ్మలు నాటి పెంచిన పచ్చికంచె ‘క్విక్‌సెట్’. ఇంగ్లండులో దానికి ఎక్కువగా వాడే ముళ్ళచెట్టు హాథార్న్‌కు ‘క్విక్‌థార్న్’ అనే పేరూ ఉంది. పీకినకొద్దీ మొలిచే ఒక కలుపు గడ్డికి ‘క్విచ్’, ‘కౌచ్’ అనే పేర్లు ఇదే మాట మారిన రూపాలు. మన గరికలా చావనిది అది.

క్విక్ రాకముందు వేగానికి ఏ మాట వాడేవాళ్ళు?

‘స్విఫ్ట్’ అప్పుడూ ఉంది. ‘హ్రాద్’ అనే ఇంకో మాట ఉండేది, అది పోయింది. కానీ దాని తరతమ రూపం ‘రాదర్’ అనే వేషంలో మిగిలింది. ముందు ‘ఇంకా త్వరగా’, తర్వాత ‘అంతకంటే ముందు’, ఇప్పుడు ‘దానికంటే ఇది మేలు’. ‘ఫాస్ట్’ కథ ఇంకా చిత్రం. దాని మొదటి అర్థం ‘కదలకుండా గట్టిగా ఉన్నది’. గాఢనిద్రను ‘ఫాస్ట్ అస్లీప్’ అనడం అందుకే.

అనువాదం చేసేటప్పుడు ఏ అర్థమో ఎలా పోల్చుకోవాలి?

రాసిన కాలం చూడండి. 1700 కంటే ముందుదైతే ‘త్వర’ అని వెంటనే రాసేయకండి. పక్కన ఏ నామవాచకం ఉందో చూడండి: కండ, బిడ్డ, చెట్టు, మట్టి, సున్నం, ఆత్మ ఉంటే దాదాపు ఎప్పుడూ ప్రాణమే. దగ్గర్లో చావు మాట ఉంటే ఇక సందేహం అక్కర్లేదు. రెండు అర్థాలూ పొసిగితే రచయిత రెండూ ఉద్దేశించి ఉండవచ్చు, శ్మశానం రంగంలో అబద్ధం లాగా.

తెలుగులో దీనికి ఒకే మాట వాడాలని పట్టుబట్టకండి. గంభీరంగా ఉన్నచోట ‘సజీవ’, కథ చెప్తున్నచోట ‘ప్రాణంతో’, నోటిమాటలో ‘బతికుండగానే’. చట్టం గురించి రాసేటప్పుడు నేను ‘కదలిక తెలిసిన గర్భం’ అని వాడతాను, చదివిన ఆడవాళ్ళెవరూ అర్థం అడగలేదు. హామ్లెట్ మాటను మాత్రం ఇప్పటికి నాలుగుసార్లు మార్చి రాశాను. ప్రస్తుతానికి ఇలా ఉంది: ‘ఆమెతో పాటు బతికుండగానే మట్టిలో కలుస్తావా? నేనూ కలుస్తాను.’